బీడీల సీనుకి 4 మార్కులు: ఒక అవార్డుల కమిటీ కేస్ స్టడీ

ముందే చెప్తున్నా, ఊరు పేరు, సంస్థ పేరు, సినిమాల పేర్లు ఏవీ రాయను, కొన్ని వివరాలు కావాలనే మార్చాను. నేను చేసే పని అవార్డుల ఓటింగ్ నడపడం. ఎంట్రీలు తీసుకోవడం, లింకులు పంపడం, స్కోర్ షీట్లు తయారుచెయ్యడం, ఆఖర్న లెక్క కట్టి కవర్ సీల్ చేసి ఇచ్చెయ్యడం. నాకు ఓటు లేదు, రూమ్‌లో ఒక మూల లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటా, అందరి మొహాలూ కనిపిస్తుంటాయి. ఇక్కడ రాసేదంతా ఆ మూల నుంచి చూసిందే.

నేపథ్యం

ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ, రెండు రాష్ట్రాల నుంచీ షార్ట్ ఫిల్ములు, చిన్న బడ్జెట్ సినిమాలు తీసుకుని ఏటా అవార్డులిస్తుంది. మంచి రోజుల్లో 90 దాకా ఎంట్రీలు వచ్చేవి. ఓటేసేవాళ్ళు 34 మంది. రిటైరైన ఆఫీసర్లు, కాలేజీ లెక్చరర్లు, ఇద్దరు ముగ్గురు నిర్మాతలు, ఒకప్పుడు సినిమాలు తీసిన డైరెక్టర్లు, పత్రికల్లో రివ్యూలు రాసినవాళ్ళు. చెడ్డవాళ్ళు ఒక్కరు లేరు, అది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి రాతల్లో ఓటర్లని విలన్లని చేసేస్తుంటారు. ప్రపంచ సినిమా చూసినవాళ్ళు, సాయంత్రం టీ, ఉస్మానియా బిస్కట్ల మధ్య సత్యజిత్ రే గురించి గంటసేపు మాట్లాడగలరు. కాకపోతే దాదాపు అందరూ అరవైకి అటూ ఇటూ, ఒకే సిటీ, ఆ సిటీలో కూడా ఒక నాలుగైదు కాలనీలు. ఆడవాళ్ళు నలుగురు, అందులో ఇద్దరు మెంబర్ల భార్యలే. కొత్త మెంబర్ కావాలంటే పాత మెంబర్ ఇద్దరు సంతకం పెట్టాలి. అంటే ఎవరు వస్తారో మీకే అర్థమైపోతుంది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

మూడేళ్ళలో ఎంట్రీలు 60 కిందకి పడిపోయాయి. అధ్యక్షుడు గారు ఫోన్ చేసి "ఎంట్రీ ఫీజు వల్లేమో చూడు బాబూ" అన్నారు. ఫీజు తీసేశాం, ఏం మారలేదు. అప్పుడు పంపడం మానేసిన డైరెక్టర్లకి నేనే వరసపెట్టి ఫోన్లు చేశా. చాలామంది "టైమ్ కుదర్లేదన్నా" అని తప్పించుకున్నారు గానీ ఒకబ్బాయి మాత్రం మొహమాటం లేకుండా చెప్పాడు, "అన్నా, మా సినిమా మీ వాళ్ళకి అర్థం కాదని నేనంటలేను. అర్థమైనట్టే మార్కులేస్తరు, గదే బాధ."

ఆ మాట పట్టుకుని పాత స్కోర్ షీట్లు తీశా. ఇతని సినిమాలో బీడీలు చేసే ఒక తల్లి కథ, ఇరవై రెండు నిమిషాలు. ఫస్ట్ రౌండ్‌లో ముగ్గురు చూశారు. నటనకి 4, 3, 5. కామెంట్ కాలమ్‌లో ఒకరు "నటి మొహంలో ఏ భావమూ పలకలేదు" అని, ఇంకొకరు "భాష స్పష్టంగా లేదు, డబ్బింగ్ సరిచూసుకోవాల్సింది" అని, మూడో ఆయన ఒకే మాట, "స్లో". ఫస్ట్ రౌండ్‌లోనే పోయింది. ఫైనల్ జ్యూరీ అసలు ఈ సినిమా పేరు కూడా వినలేదు.

ఇక్కడ నాకు రెండు దార్లున్నాయి. ఒకటి, నేనే చూసి "వీళ్ళు తప్పు" అని చెప్పడం. అది చెయ్యలేదు, ఎందుకంటే నేనూ ఆ కాలనీల మనిషినే, నా కన్ను వాళ్ళ కన్ను కంటే గొప్పదేం కాదు. రెండోది, వేరే కళ్ళకి చూపించడం. ఫస్ట్ రౌండ్‌లోనే పోయిన ఎనిమిది సినిమాలు, పైకెళ్ళిన నాలుగు సినిమాలు కలిపేసి, ఏది ఏదో చెప్పకుండా ఏడుగురికి చూపించా. ఒక డబ్బింగ్ ఆర్టిస్ట్, ఆర్టీసీ కండక్టర్, గవర్నమెంట్ హాస్పిటల్ నర్సు, సౌండ్ మిక్సింగ్ చేసే కుర్రాడు, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఒక టీచరమ్మ, డిగ్రీ చదివే అమ్మాయి, ఒక టైలరు. ఎవరిది కరెక్టు అని తేల్చడం నా ఉద్దేశం కాదు, మనుషులు మారితే మార్కులు మారతాయా లేదా, మారితే ఎక్కడ మారతాయి అని చూడటమే.

బీడీల సినిమా నడుస్తోంది. ఒళ్ళో చాట, పక్కన నానబెట్టిన తునికాకు, కత్తెర, రేకు, తంబాకు. కూతురొచ్చి కాలేజీ మానేస్తానంటుంది. డబ్బింగ్ ఆర్టిస్ట్ ఉన్నట్టుండి "ఆపుండ్రి సార్, కొంచెం ఎనకకి పోనియ్యుండ్రి" అంది. ఆపి వెనక్కి తిప్పా.

"చూడుండ్రి, ఆమె చేతుల దిక్కు చూస్తలేదు. మా అమ్మ గిట్లనే, టీవీ చూస్కుంటనే చేసేది, ఆకు దిక్కు చూసేటోళ్ళు అంటే కొత్తగ నేర్సుకుంటున్నట్టు. ఈమె నిజంగనే నేర్సుకుని చేసింది సార్." ఇంకో పది సెకన్లు నడిచాక మళ్ళీ ఆపమంది. కూతురు ఆ మాట అన్నప్పుడు తల్లి మొహం కదల్లేదు, నిజమే, కానీ చేతులు ఆగాయి. ఒక్క సెకను. మళ్ళీ మొదలయ్యాయి. చేతిలో ఉన్న బీడీకి దారం ఎక్కువ చుట్టు తిరిగింది, అది చూసుకుని విప్పి మళ్ళీ కట్టింది. వెయ్యి బీడీలకి ఇంత అని లెక్క కట్టి బతికే మనిషి, కూతురి చదువు పోతోందన్న మాట విని కూడా దారం వేస్ట్ కానివ్వలేదు. నటన మొత్తం ఆ చేతుల్లో ఉంది. మన ముగ్గురు ఓటర్లు మొహం చూశారు.

పైకెళ్ళిన నాలుగింటిలో ఒక పల్లెటూరి సినిమా ఉంది, డ్రోన్ షాట్లు, పచ్చటి పొలాలు, "గ్రామీణ వాతావరణం కళ్ళకి కట్టినట్టు" అని దానికి 9 వేశారు. నాట్లేసే పాట దగ్గర టీచరమ్మ ఫక్కున నవ్వారు. "అదేంటండీ, ముందుకి నడుస్తూ నాట్లేస్తున్నారు, వేసిన నారంతా తొక్కుకుంటూ! నాట్లంటే వెనక్కి కదా నడిచేది." నాకు సిగ్గేసింది, నేనూ ఆ పాట బాగుందనుకున్నా.

నా లెక్క

ఇది కులద్వేషమో, ప్రాంతద్వేషమో అయితే పని తేలిక, ఆ మనుషుల్ని తీసేస్తే సరిపోయేది. ఇది అది కాదు. నిజమైన పనితనానికి 4 పడి, దొంగ పనితనానికి 9 పడిందంటే రెండు తప్పులకీ మూలం ఒకటే, చూసేవాడికి ఆ బతుకు తెలీదు. మేం అందరం అనుకునేది ఏంటంటే ఎక్కువమంది మార్కులు యావరేజ్ చేస్తే ఒక్కొక్కరి పొరపాట్లు కొట్టుకుపోతాయని. అది పొరపాట్లు తలో దిక్కూ ఉంటేనే జరుగుతుంది. అందరూ ఒకే దిక్కుకి తప్పు చేస్తుంటే యావరేజ్ చేసేకొద్దీ ఆ తప్పే గట్టిపడుతుంది, పైగా దానికి "ఏకగ్రీవం" అని పేరొస్తుంది.

2023 జూలైలో కమిటీ మీటింగ్‌లో ఇది పెట్టా. ఊరికే చెప్తే వినరని బయటి సంగతులు తీసుకెళ్ళా. 2012లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ వాళ్ళు ఆస్కార్ ఓటర్లెవరో ఆరా తీస్తే దాదాపు 94 శాతం తెల్లవాళ్ళు, 77 శాతం మగవాళ్ళు, మీడియన్ వయసు 62, అంటే సగం మంది అంతకంటే పెద్దవాళ్ళే. తర్వాత 2015, 2016 వరసగా రెండేళ్ళు నటన నామినేషన్లు ఇరవైకి ఇరవై తెల్లవాళ్ళకే వెళ్ళి పెద్ద గొడవైంది, 2016 జనవరిలో ఆస్కార్లు ఇచ్చే అకాడమీ ఆడవాళ్ళనీ, ఇతర జాతుల మెంబర్లనీ 2020 కల్లా రెట్టింపు చేస్తామంది, ఆ ఏడాదే 683 మందికి ఆహ్వానాలు పంపింది. 2020లో మొట్టమొదటిసారి ఇంగ్లీషు కాని సినిమాకి, ఒక కొరియన్ సినిమాకి, బెస్ట్ పిక్చర్ వచ్చింది. కేవలం మెంబర్లు మారడం వల్లే వచ్చిందని నేను అనను, ఆ సినిమా గొప్పది, కానీ గొప్ప కొరియన్ సినిమాలు అంతకుముందూ వచ్చాయి కదా.

ఒక పెద్దాయన "అమెరికాలో తెల్లోళ్ళ నల్లోళ్ళ గొడవ మనకెందుకయ్యా" అన్నారు. దానికి నా దగ్గర రెడీగా ఉన్నది నాటు నాటు. మార్చిలో ఆస్కార్ వచ్చింది, జూన్‌లో అకాడమీ మెంబర్లుగా పిలిచిన 398 మందిలో కీరవాణి, చంద్రబోస్, ఎన్టీఆర్, రామ్ చరణ్, కెమెరామన్ సెంథిల్ కుమార్, ఆర్ట్ డైరెక్టర్ సాబు సిరిల్ ఉన్నారు. "వాళ్ళు మనవాళ్ళని లోపలికి పిలిస్తే పండగ చేసుకున్నాం సార్, మనం ఎవర్ని పిలిచాం?" అన్నా. కొంచెం పొగరుగానే అన్నాననుకోండి. కోశాధికారిని కదిలించింది మాత్రం ఇది కాదు, గోల్డెన్ గ్లోబ్స్ కథ, అమెరికాలో సినిమాలకీ, టీవీకీ ఇచ్చే ఇంకో పెద్ద అవార్డులు. ఆ ఓటర్ల సంఘంలో 87 మందిలో ఒక్క నల్లజాతి మెంబర్ కూడా లేడని 2021లో బయటపడితే టీవీ ఛానెల్ మరుసటి ఏడాది ప్రసారమే మానేసింది, 2023లో ఆ సంఘమే మూతపడింది. స్పాన్సర్లు పోతారన్న భయం సౌందర్యశాస్త్రం కంటే త్వరగా పనిచేస్తుంది.

చేసినవి, బెడిసికొట్టినవి

మొదట అందరూ చేసేదే చేశాం, ఆడవాళ్ళని పెంచుదాం అన్నారు. ముగ్గురొచ్చారు, ముగ్గురూ అవే కాలనీలు, అవే కాలేజీలు, పాత పద్ధతిలో పాత మెంబర్ల సంతకాలతోనే. వాళ్ళ తప్పేం లేదు, చక్కగా చూశారు, చక్కగా మార్కులేశారు, ఆ మార్కులు పాత మార్కుల్లాగే ఉన్నాయి. లిస్టు మీద పేర్లు మారాయి, అంతే.

తర్వాత పక్షపాతం మీద ఒక పూట క్లాసు పెట్టించాం, స్పీకర్, స్లైడ్లు, లంచ్. ఇది నష్టం చేసింది. ఓటర్లు భయపడ్డారు. ఆ రౌండ్‌లో పేదవాళ్ళు కనిపించిన ప్రతి సినిమాకీ మార్కులు పెరిగాయి, బాగున్నదానికీ, బాలేనిదానికీ. సౌండ్ సరిగ్గా లేని, కథ లేని ఒక సినిమాకి "గొప్ప సామాజిక స్పృహ" అని 9. కళ్ళు మారకుండా మనస్సాక్షి మాత్రం పెంచితే జరిగేది అదే, కనపడని దానికి ముందు తక్కువ వేసేవాళ్ళు, ఇప్పుడు జాలితో ఎక్కువ వేస్తారు, రెండుసార్లూ చూడరు.

మూడోది నా సొంత తప్పు, ఆ ఐడియా నాదే. తొమ్మిదిమంది ఫైనల్ జ్యూరీలోకి నా ఏడుగురిలో ఇద్దర్ని, డబ్బింగ్ ఆర్టిస్ట్‌నీ, టీచరమ్మనీ తీసుకొచ్చా. రెండు రకాలుగా ఫెయిలైంది. సినిమాలు చచ్చిపోయేది ఫస్ట్ రౌండ్‌లో, నేను మార్చింది ఆఖరి రౌండ్. వాళ్ళ దాకా వచ్చేసరికి మిగిలినవన్నీ పాత కళ్ళకి నచ్చినవే. ఇది నాకు ముందే తట్టాలి, బీడీల సినిమా ఎక్కడ పోయిందో షీట్ నా చేతిలోనే ఉంది కదా! రెండోది, చర్చలో ఎప్పుడు తెలంగాణ పల్లె కనిపించినా చైర్మన్ గారు "అమ్మా, మీ వైపు సినిమా కదా, మీరు చెప్పండి" అని డబ్బింగ్ ఆర్టిస్ట్ వైపు తిరిగేవారు, ఆమె ఏదంటే అది అందరూ తలూపేసేవాళ్ళు, మిగతా సినిమాలకి ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. టీ టైమ్‌లో నాతో అంది, "సార్, నన్ను సినిమా గురించి అడుగుతలేరు, మా ఊరి గురించి అడుగుతున్రు." మర్యాదగానే చేశారు పాపం, కానీ ఓటరుగా పిలిచి సాక్షిగా కూర్చోబెట్టాం.

పనిచేసినవి

మరుసటి ఏడాది ఫస్ట్ రౌండ్ నుంచి మొదలుపెట్టాం. ప్రతి ఎంట్రీ ముగ్గురు కాదు, ఐదుగురు చూడాలి, అందులో కనీసం ఇద్దరు కొత్తగా వచ్చినవాళ్ళు. ఎవరు ఏది చూడాలో నేను చీటీలు తీసి పంచుతా, ఎంచుకునే వీలు లేదు. ఇది బాఫ్టా, అంటే బ్రిటన్ వాళ్ళ సినిమా అవార్డుల నుంచి తెచ్చుకున్నా. 2020లో వాళ్ళకీ నటన నామినేషన్లు ఇరవైకి ఇరవై తెల్లవాళ్ళకే వెళ్ళాయి, డైరెక్టర్లంతా మగవాళ్ళే. పెద్ద సమీక్ష చేసి 120కి పైగా మార్పులు చేశారు, అందులో ఒకటి ప్రతి ఓటరుకీ ఓటింగ్‌కి ముందు చూసితీరాల్సిన 15 సినిమాలు యాదృచ్ఛికంగా కేటాయించడం, ఎందుకంటే పబ్లిసిటీ ఉన్నవే అందరూ చూసి వాటికే ఓట్లేస్తున్నారు. 2021లో నటన నామినేషన్లు 24లో 16 తెల్లవాళ్ళు కానివాళ్ళకి, డైరెక్టర్ల ఆరులో నాలుగు ఆడవాళ్ళకి. మన జాతీయ అవార్డుల్లో కూడా ముందు ప్రాంతీయ ప్యానెళ్ళు వడపోశాకే సెంట్రల్ ప్యానెల్‌కి వెళ్తుంది. వడపోత ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి, వేదిక మీద ఎవరు కూర్చున్నారన్నది కాదు.

సంతకాల పద్ధతి తీసేశాం. సినిమా పనివాళ్ళ దగ్గరికి, టీచర్ల దగ్గరికి, హాస్పిటళ్ళకి, చిన్న ఊళ్ళ లైబ్రరీలకి మేమే వెళ్ళి అడిగాం. సిటీ బయట ఉన్నవాళ్ళే 11 మంది వచ్చారు.

ఇక డబ్బు. దీన్ని అందరూ మర్చిపోతారు. రిటైరైన పెద్దాయనకి రెండు రోజులు కూర్చోవడం కాలక్షేపం, డబ్బింగ్ ఆర్టిస్ట్‌కి అది రెండు రోజుల కాల్షీటు, టైలరుకి రెండు రోజులు షాపు మూత. ఊరికే రమ్మంటే ఎవరొస్తారు, తీరిక ఉన్నవాళ్ళే వస్తారు, మళ్ళీ మొదటికే. రోజు కూలి, బస్సు ఛార్జీ ఇవ్వాలన్నా, ఒక పెద్ద గొడవే జరిగింది, "సేవకి డబ్బులా" అని. ఆఖరికి ఎవరూ చదవని రంగుల సావనీర్ ఆపేసి ఆ డబ్బు ఇటు తిప్పాం. ప్రకటనలు ఇచ్చేవాళ్ళు ఇద్దరు అలిగారు.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మాత్రం స్కోర్ షీట్‌లో ఒక చిన్న గడి. ప్రతి మార్కు పక్కన "ఏ షాట్ చూసి ఈ మార్కు వేశారు" అని రాయాలి. అభిప్రాయం కాదు, షాట్. మాట్లాడుకోకముందే రాసి నాకిచ్చెయ్యాలి. పాత ఓటర్లు మొదట విసుక్కున్నారు, "పరీక్ష పెడుతున్నావా" అని. నెల తిరిగేసరికి మార్పు కనపడింది. "మొహంలో భావం లేదు" అని రాయబోయిన మనిషి ఏ షాట్ అని వెతుక్కుంటూ సినిమా మళ్ళీ చూస్తున్నాడు, చూస్తే చేతులు కనిపిస్తున్నాయి. అంటే కొత్తవాళ్ళు రావడం వల్ల పాతవాళ్ళు కూడా బాగా చూడటం నేర్చుకున్నారు, ఇది నేను ఊహించలేదు. చర్చలో కూడా ఒక రూల్ పెట్టాం, ఎవరి ప్రాంతం సినిమా అయితే వాళ్ళు ఆఖర్న మాట్లాడాలి.

ఐదుగురిలో ఎవరి మార్కులకైనా మధ్య తేడా 4 దాటితే ఆ సినిమాని పక్కన పెట్టకుండా ఇంకో ఇద్దరికి చూపిస్తాం. ఇంతకుముందు 9, 3, 4 వస్తే యావరేజ్ కిందపడి పోయేది. ఆ 9 వేసినవాడికి కనిపించిందేదో ఉంది కదా, లేదా వాడు పొరబడ్డాడు, ఏదో ఒకటి తేలాలి.

(మేం "చూడకపోతే ఓటు లేదు" అని కూడా పెట్టాం. 2025 ఏప్రిల్‌లో ఆస్కార్ వాళ్ళు కూడా నామినేట్ అయిన సినిమాలన్నీ చూస్తేనే ఆ కేటగిరీలో ఫైనల్ ఓటు అన్నారు. మా వాళ్ళు "మనల్ని చూసే" అని జోకులు.)

ఎదురుదెబ్బలు

ఒక సీనియర్ రాజీనామా ఇచ్చారు. "కండక్టర్‌కి స్క్రీన్‌ప్లే ఏం తెలుసు" అన్నారు. నాకు కోపం వచ్చింది కానీ ఆయన మాటలో సగం నిజం ఉందని తర్వాత తెలిసింది. మా కండక్టర్ గారు ఒక సినిమాకి 8 వేశారు, పెదాలకీ మాటకీ సింక్ లేదు అందులో. షాట్ గడిలో చూస్తే "మా డిపో చూపించారు" అని ఉంది. అడిగితే నవ్వేసి "మా డిపోని సినిమాలో ఎవరు చూపిస్తారు సార్" అన్నారు. అదే సినిమాకి సౌండ్ కుర్రాడు 3 వేసి ఏ నిమిషంలో ఏం తప్పిందో వరసగా రాశాడు. తేడా 5 వచ్చింది కాబట్టి ఇంకో ఇద్దరు చూశారు, సినిమా ఆగిపోయింది. బతుకు తెలిసినవాడు, పని తెలిసినవాడు, ఇద్దరూ ఉండాలి, ఒకడు ఇంకొకడికి అడ్డు పడుతుండాలి. ఆ సీనియర్ కూడా ఉండి ఉంటే బాగుండేది, ఆయన ఎడిటింగ్ చూసే పద్ధతి ఇప్పటికీ ఇంకెవరికీ లేదు. రెండుసార్లు ఇంటికెళ్ళి అడిగా, కాఫీ ఇచ్చారు గానీ ఒప్పుకోలేదు.

ఎంట్రీలు మెల్లగా 70 దాటాయి. ఫోన్లో ఆ మాటన్న కుర్రాడు కూడా కొత్త సినిమా పంపాడు, ఈసారి జగిత్యాల వైపు కథ, గల్ఫ్ నుంచి వాపసొచ్చిన మనిషిది. ఫస్ట్ రౌండ్ దాటింది, ఫైనల్‌కి వచ్చింది. ఫైనల్‌లో ఇప్పుడు మార్కులు కాదు, ఒకటి రెండు మూడు అని ర్యాంకులు. నేను మూల కూర్చుని లెక్క కడుతూ డబ్బింగ్ ఆర్టిస్ట్ షీట్ తెరిచా, ఆమె కచ్చితంగా దీన్నే ఒకటి పెడుతుందనుకున్నా, నిజం చెప్పాలంటే పెట్టాలని ఆశపడ్డా కూడా. మూడో ర్యాంకు ఇచ్చింది. ఒకటో ర్యాంకు విశాఖ జాలర్ల సినిమాకి.

ఆ కుర్రాడి సినిమా ఎదురుగా గడిలో ఇలా రాసి ఉంది: "14వ నిమిషం, తల్లి ఏడ్చే షాట్. యాస మంచిగుంది. మ్యూజిక్ ఎక్కువైంది, ఆమె ఏడుపు వినపడనియ్యలే."

నేను ఆ షాట్ మళ్ళీ పెట్టుకుని చూశా. నిజమే, వినపడలేదు.